దారి అడగని ఇంటి పీహెచ్‌డీ

మా తాత మాటకు ఎవరూ ఆధారం అడిగేవారు కాదు. పొలం గట్టు ఎక్కడి దాకా అంటే ఆయన చెయ్యి చూపించిన దాకా. ముదిగొండ దగ్గర మా ఊళ్లో, పక్కన ఇంకో రెండు ఊళ్లలో అది సరిపోయేది. తర్వాత తాత చేసిన ఊరి పటేల్గిరీ పోయింది, భూములు పోయాయి. ఇంటిని పంచుకున్నవాళ్లు పంచుకుని అమ్ముకున్నారు. ఇప్పుడు అక్కడ వీధి వైపు దర్వాజా ఒక్కటి నిలబడి ఉంది. దాని వెనక ఎవరిదో ఎరువుల దుకాణం. నా వాటాకు తాత కూర్చున్న జిట్రేగి చెక్క కుర్చీ వచ్చింది. వెనక్కి ఒరగడానికి కూడా వీల్లేనంత నిటారుగా ఉంటుంది దాని వీపు. అందులో కూర్చుంటే ఎవరైనా మా ఇంటివాళ్లలాగే కనిపిస్తారు.

ఆ ఇంటి వారసురాలిని నేను. జూలూరుపాడులో కిరాయి ఇంట్లో ఉంటాను. రోజూ ఆటోలో వెళ్లి, అడవి అంచున ఒక గూడెం ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. ఇద్దరమే టీచర్లం. ఇన్నేళ్లలో బదిలీ కోసం ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. అడగడం మా ఇంట్లో లేదు.

ఖమ్మంలో ఒకసారి మా టీచర్లందరికీ శిక్షణ పెట్టారు. భోజనాల ముందు వేదిక మీద ఉన్నాయన మాట్లాడుతూ, గూడేల పిల్లలకు ఇంట్లో భాష సరిగ్గా అందదని, అందుకే బడికొచ్చి నోరు తెరవరని అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"అది తప్పు. మా పిల్లలు ఇంట్లో పిట్టల్లా మాట్లాడతారు. అది కోయ భాష. బడికొచ్చాక ఏడాది పాటు ఊరుకుంటారు. భాష లేక ఊరుకోవడం కాదు అది."

"మంచిది మేడమ్. దీనికి ఆధారం ఏంది?"

"నేను చూశాను."

"చూస్తె చాలదు గదా మేడమ్. ఏమన్న స్టడీ చేసిన్రా? పేపర్ రాసిన్రా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆయన ఎగతాళిగా అడగలేదు, ఆ మాట చెప్పాలి. కానీ తాత చెయ్యి చూపితే గట్టు నిలిచిన ఇంటి మనిషిని, నా మాటకు ఆధారం అడిగారు, నా దగ్గర లేదు. కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం వడ్డించిన వంకాయ కూర రుచి ఎలా ఉందో నాకు గుర్తు లేదు.

ఆ మాట అంటున్నప్పుడు నా మనసులో ఒక పిల్ల ఉంది. ఒకటో తరగతిలో చేరి, బడి తెరిచిన నాటి నుంచి ఇప్పపూలు రాలే కాలం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. పిలిస్తే వస్తుంది, పలక ఇస్తే గీస్తుంది, పెదవి మాత్రం కదపదు. ఒక రోజు పొద్దున బడి వెనక చెట్టు కింద తను ఏరి కుప్పలుగా పోసుకున్న పూల మధ్యలోంచి నేను నడుస్తుంటే నా చీర కుచ్చిళ్లు పట్టుకుని "టీచర్, తొక్కకు" అంది. అదే మొదటి మాట. ఆ రోజు నుంచి ఆపితే ఆగదు.

ఆ పిల్లకు ఆ ఏడాది లోపల ఏం జరిగింది? ఏ రోజున, దేని వల్ల నోరు తెరుచుకుంది? ఏటా వచ్చే పిల్లల్లో కొందరు వానలకే మాట్లాడతారు, కొందరు ఎండలు వచ్చినా మాట్లాడరు. ఎందుకు? ఈ సంగతి నాకు తెలుసని అనుకునేదాన్ని. తెలుసనుకోవడం ఆధారం కాదని ఖమ్మంలో తెలిసింది. విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలని అక్కడి నుంచి వచ్చే బస్సులోనే నిశ్చయించుకున్నాను. బడి వదలకూడదు. వదిలితే నేను చూడాల్సిన పిల్లలే నా ముందు ఉండరు. కాబట్టి ఆన్‌లైన్‌లో చేయాలి.

మా ఆయన ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తా. సీజన్‌లో ఆయన చొక్కా గుమ్మం దాటి లోపలికొస్తే చాలు, ఇల్లంతా తుమ్ములు. చొక్కా బయట తీగ మీద ఆరేసి, బనీనుతో కూర్చుని నా మాట విన్నాడు.

"చెయ్యి. డాక్టర్ అయితవు. జ్వరమొస్తె ఖర్చు తప్పుతది."

"ఇది ఆ డాక్టర్ కాదు."

"తెలుసు దొరసానీ. నవ్వుతవేమో అని అన్న."

నన్ను ఆయన ఆటపట్టించాలనుకున్నప్పుడే దొరసాని అంటాడు. వాళ్ల నాయన కిరాయి ఎడ్లబండి తోలేవాడు. పెళ్లప్పుడు మావాళ్లు సగం మంది రాలేదు. వచ్చిన సగం ఇప్పుడు మిర్చి అమ్ముకోవడానికి ఆయన దగ్గరికే వస్తారు.

ఫోనులో ఆన్‌లైన్ డాక్టరేట్ల గురించి వెతికి ఒక చోట నా నంబర్ ఇచ్చాను. మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. ఒకతని మాటలు విని నవ్వాపుకోలేక మా ఆయన స్పీకర్ పెట్టమన్నాడు.

"కంగ్రాచులేషన్స్ మేడమ్! మీ ప్రొఫైల్ సెలెక్ట్ అయ్యింది."

"నేనింకా దరఖాస్తే పెట్టలేదు."

"పెట్టకముందే అయ్యింది మేడమ్, అదే మీ స్పెషాలిటీ. ఒక్క ఏడాదిలో డాక్టరేట్. పెద్ద హోటల్‌లో ఫంక్షన్ ఉంటది."

"నా పరిశోధన అంశం వినరా?"

"అవన్నీ మీకు టెన్షన్ ఎందుకు మేడమ్? థీసిస్ మా టీమ్ చూస్కుంటది. మీరు గౌను సైజు చెప్తె చాలు."

మా ఆయన వెనక నుంచి "కొలతలు నేను పంపుత బాబూ, మస్తుగ కుట్టుండ్రి" అని అరిచాడు.

నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. "మా ఇంట్లో పొలం పక్కవాళ్లతో దున్నించారు. కోత కూడా వాళ్లతోనే కోయించారు. కానీ రాసే పని మాత్రం ఎవరి చేతా చేయించలేదు" అని పెట్టేశాను.

"ఇది గొప్పగ చెప్పుకునే ముచ్చటేనా?" అన్నాడు మా ఆయన.

నాకైతే అది గొప్పగా చెప్పుకునే ముచ్చటే.

మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే ముచ్చట ఇంకోటి ఉంది. ఒకసారి తాత భద్రాచలం కల్యాణానికి సొంత బండి కట్టించుకుని బయల్దేరాడట. అడవిలో దారి రెండుగా చీలింది. ఎదురుగా కట్టెల మోపులతో మనుషులు వస్తున్నారు. బండి తోలేవాడు దిగి అడగబోతే తాత ఆపాడు. పటేలు దారి అడిగాడని చెప్పుకుంటారని. తనే ఒక దారి చూపించాడు. సాయంత్రానికి గోదావరైతే కనిపించింది గానీ గుడి కనిపించలేదు. అది వేరే రేవు. తాత బండి దిగి, కాళ్లు కడుక్కుని, నీళ్లలో కొబ్బరికాయ కొట్టి, దర్శనం బాగా అయిందని చెప్పి వెనక్కి మళ్లించాడు. మా మేనత్తలు ఈ కథ చెప్పేటప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు. "అడగలేదు చూడు" అనేవారు. చిన్నప్పుడు నాకూ అందులో నవ్వాల్సింది ఏముందో తెలిసేది కాదు. బస్టాండులో బోర్డు కనిపించకపోతే నేను ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతాను గానీ అడగను.

కోర్సు కూడా అలాగే ఎంచుకున్నాను. సెలవుల్లో రోజంతా కూర్చుని విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లు చదివాను. వేరే దేశంలో ఒకటి నచ్చింది. చదువంతా ఆన్‌లైన్, పని చేస్తున్న టీచర్ల కోసమే పెట్టింది, పేరున్నది. కానీ అది ఎందుకు నచ్చిందంటే అసలు సంగతి వేరు. దాని మొదటి పేజీలో రాతి కమాను ఉన్న పెద్ద ద్వారం బొమ్మ ఉంది. ఎత్తూ, మలిచిన తీరూ మా దర్వాజాలాగే ఉంది. వెనకాల ఎరువుల బస్తాలు మాత్రం లేవు. ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా, నాకు ఎవరు నేర్పుతారు, వాళ్లకు ఇలాంటి పిల్లల సంగతి ఏమైనా తెలుసా అని ఒక్కరినీ అడగలేదు. బొమ్మ చూశాను, నాకు నేనే దారి చూపించుకున్నాను, దరఖాస్తు పంపాను.

ఇంటర్వ్యూకు పిలిచారు. ముందు గదిలో తాత కుర్చీ గోడకు ఆనించి వేసుకున్నాను. ఇస్త్రీ చేసిన గద్వాల చీర కట్టుకున్నాను. తెర మీద నెరిసిన జుట్టున్న ఒక ప్రొఫెసర్. అడిగిన ప్రతిదానికీ తడుముకోకుండా ఇంగ్లీషులో జవాబు చెప్పాను. పిల్లలు ఎందుకు ఊరుకుంటారో, ఎప్పుడు మాట్లాడతారో, దానికి టీచరు ఏం చేయాలో, అన్నీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. చివర్న, మీరు మమ్మల్ని అడగాలనుకున్నది ఏమైనా ఉందా అన్నారు.

"లేదండీ."

ఒక్కటి కూడా లేదా అన్నారు.

"అన్నీ చదువుకునే వచ్చాను."

మీ అంశం చాలా మంచిది, కానీ మీరు జవాబుతో వచ్చినట్టున్నారు, జవాబు చేతిలో ఉన్నవాళ్లకు మేం ఏం సాయం చేయగలం, అన్నారు. మెత్తగానే అన్నారు. తర్వాతి వారం రెండు వాక్యాల మెయిలు వచ్చింది. నన్ను తీసుకోలేదు.

నాతో పనిచేసే టీచరు నాకంటే బాగా చిన్నది. వాళ్ల నాన్న జూలూరుపాడులో పాస్టరు. ఇద్దరం ఒకే ఆటోలో వెళ్తాం. ఆ వారమంతా నేను మాట్లాడకపోయేసరికి తను ఆగలేకపోయింది.

"ఏంది మేడమ్, ఒకటో తరగతి పిల్ల లెక్క గిట్ల కూసున్నరు?"

చెప్పాను. సీట్ రాలేదన్నది ఒక వాక్యం, ప్రొఫెసర్ ఏమన్నారన్నది ఇంకో వాక్యం. అంతకంటే చెప్పదలచుకోలేదు.

"ఆగుండ్రి. చివరికి అడుగు అంటె మీరు ఏం అడగలె?"

"అడగడానికి ఏముంది?"

"అయ్యో మేడమ్! పెండ్లిచూపులకు వచ్చినోణ్ని గూడ అడుగుతం గదా, తాగుతడా, పేకాట ఆడుతడా, అమ్మ మాట ఇంటడా అని. ఇది ఎన్నేండ్ల కాపురం? ఒక్క ముచ్చట అడగకుంటనే తాళి కట్టించుకుంటరా?"

ముందు సీట్లోంచి డ్రైవర్ అన్నాడు. "నేను గూడ అడుగుత మేడమ్, ఎక్కడ దిగుతరని. అడగకుంటె కొత్తగూడెం దాక కొంచవోత."

"నువ్వు రోడ్డు చూడు" అన్నాను.

"ఆ డిగ్రీ మన దగ్గర చెల్లుతదా?" అంది తను.

తెలియదు.

"మీకు గైడ్ ఎవరు?"

అదీ తెలియదు. తను నా టిఫిన్ సంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ జాలే బాగా తగిలింది. ఆ సాయంత్రం మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన మిర్చి చొక్కా దులుపుతూ అన్నాడు.

"మా నాయన బండి కిరాయిది గదా. దారి తప్పితె ఆ రోజు కిరాయి పోయినట్టే. అందుకే చీలిక కాడ ఆపి ముసలమ్మ దొరికినా అడిగేటోడు, పిలగాడు దొరికినా అడిగేటోడు. ఎన్నడూ వేరే రేవుకు పోలె."

"నా కథ నామీదకే తిప్పుతున్నారు."

"కథ మీదే దొరసానీ. బండే మాది."

అలా మొదలైంది. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని ఆడుకునేటప్పుడు, నేను విశ్వవిద్యాలయాల ఆఫీసులకు ఫోన్లు చేయడం, మా టీచరు పక్కన కూర్చుని వినడం. మొదటి ఫోను అవగానే నా చేతిలోంచి లాక్కుంది.

"మేడమ్, మీరు ఏమన్నరో తెలుసా? 'మీ కోర్సుకు గుర్తింపు ఉన్నట్టే కదా' అన్నరు. అది అడుగుడు కాదు. పంచాయితీల తీర్పు."

"మరెలా అడగాలి?"

"అగో, ఇప్పుడు అడిగిన్రు! గట్లనే. చివరికి గొంతు పైకి పోవాలె. మీది కిందికి దిగుతది. ఇంటున్నోళ్లు అవ్ అని ఊరుకుంటరు."

నాకు నవ్వు రాలేదు, కానీ గమనించాను. నిజమే. మా ఇంట్లో అందరి గొంతూ వాక్యం చివర కిందికే దిగేది. కిందికి దిగిన మాట మీద ఇంకెవరూ మాట్లాడరు. మా టీచరుకు ఈ కష్టం లేదు. "మా ప్రార్థన అంటెనే అడుగుడు మేడమ్. సిగ్గుపడితె మాకు ఆదివారమే ఉండది" అంటుంది.

గొంతు పైకి లేపడం నేర్చుకుంటుంటే సంగతులు తెలియసాగాయి. మొదటి సంగతి, ఇంటి గడప దాటకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే పీహెచ్‌డీకి మన దేశంలో గుర్తింపు లేదు. ఒక ఆఫీసులో ఫోనెత్తిన గుమాస్తా విసుక్కోకుండా చెప్పాడు. "అట్ల ఇస్తమని ఎవరన్న చెప్తె నమ్మకండి మేడమ్. మా దగ్గర పార్ట్‌టైం ఉంది. క్లాసులు నెట్‌లో ఉంటయి, గైడ్ తోని నెట్‌లో మాట్లాడొచ్చు. కానీ ఏడాదిలో కొన్నిసార్లు మీరు మనిషి రావాలె. చివరి వైవా మా ఎదురుగనే." వాళ్లకు ఆన్‌లైన్ అనే మాట గొప్ప కాదు, వీలు మాత్రమే. అది నాకు నచ్చింది. వాళ్ల వెబ్‌సైటులో ద్వారం బొమ్మ లేదు. ఒక నీళ్ల ట్యాంకు, ముందు రెండు వేపచెట్లు ఉన్నాయి.

రెండో సంగతి అక్కడే చదువుతున్న ఒకావిడ చెప్పారు. గుమాస్తా ఆవిడను అడిగి నాకు నంబర్ ఇచ్చాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోను చేసి, మీ అనుభవం చెబుతారా అని అడగడానికి రెండు రోజులు పట్టింది. ఆవిడ కూడా బడి టీచరే. వెనక కుక్కరు కూత వేస్తుంటే మాట్లాడారు.

"పేరు చూసి చేరకండి మేడమ్. గైడును చూసి చేరండి. మీరు రాసింది చదువుతారా, చదివి ఎర్ర గీతలు కొడతారా కనుక్కోండి. కొట్టకపోతే భయపడండి."

"మీకు కొట్టారా?"

"మొదటి అధ్యాయం చూస్తే ఆవకాయ ఒలికిందనుకుంటారు."

ఆవిడ నవ్వు విన్నాక ఆ విశ్వవిద్యాలయం మీద నాకు నమ్మకం కుదిరింది. ప్రవేశ పరీక్ష రాశాను. కోచింగ్ పిల్లల మధ్య, నా వయసులో సగం కూడా లేని అమ్మాయి పక్కన కూర్చుని రాశాను. ఆ అమ్మాయి "ఆంటీ, మీరు ఇన్విజిలేటరా?" అని అడిగింది. పాసయ్యాను. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అన్నారు.

ఇంటర్వ్యూ ముందు రోజు ముసురు పట్టింది. తెల్లవారేసరికి జూలూరుపాడులో కరెంటు లేదు, ఫోనులో సిగ్నల్ వచ్చి పోతోంది. ఎక్కడైనా నిలకడగా నెట్ ఉందంటే మా టీచరు వాళ్ల ప్రార్థన మందిరంలోనే. ఆదివారం ప్రార్థనలు యూట్యూబులో లైవ్ పెడతారు కనుక కేబుల్ నెట్ ఉంది, ఇన్వర్టర్ ఉంది. నాకు తెలుసు. తనకూ తెలుసు. తను పిలుస్తుందేమోనని కాసేపు చూశాను. తను పిలవలేదు. ఇప్పుడు అనుకుంటాను, కావాలనే పిలవలేదేమో అని. గొడుగు వేసుకుని వాళ్లింటికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"మీ మందిరంలో ఒక గంట కూర్చోనిస్తారా?"

తను లోపలికి తిరిగి కేక వేసింది. "నాన్నా! మేడమ్ గొంతు పైకి పోయింది!"

పాస్టరు గారు తాళంచెవి పట్టుకుని నవ్వుతూ వచ్చారు. ఆయనకు సంగతేమిటో తెలియదు, అయినా నవ్వారు. మందిరంలో డ్రమ్ముల మీద దుప్పటి కప్పి ఉంది, మైకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. "అమ్మా, మైకులు వెనకాల కనపడ్తయి, తియ్యమంటారా?" అన్నారు.

"ఉండనివ్వండి. వాళ్లకు నేను ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నానో తెలియనివ్వండి."

కుర్చీ ప్లాస్టిక్‌ది, చేతులు లేవు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. తడి చీర అంచు కాళ్లకు అంటుకుంది. తెర మీద ముగ్గురు. మధ్యలో ఉన్నావిడ గొంతు బొంగురుగా ఉంది, మెడకు మఫ్లర్ చుట్టుకున్నారు. తెలుగులోనే మాట్లాడారు. నా అంశం విన్నాక, మీరు అడగాల్సింది ఉంటే ముందు అడగండి, మేం తర్వాత అడుగుతాం అన్నారు.

అడిగాను. నా బడిలోనే, నా దగ్గర చదివే పిల్లల మీదే పరిశోధన చేయొచ్చా? టీచరుగా నేను ఎదురుగా నిలబడితే వాళ్లు నిజం చూపిస్తారా, నాకు నచ్చింది చూపిస్తారా? తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకోవాలి, నేను అడిగితే వాళ్లు కాదనలేరు కదా? ఇవన్నీ మధ్యాహ్నాల్లో మా టీచరు దగ్గర నలిగిన ప్రశ్నలే. చివరిది మాత్రం అప్పటికప్పుడు వచ్చింది.

"నేను ఇన్నేళ్లుగా అనుకున్నది తప్పని తేలితే, డిగ్రీ ఇస్తారా?"

బొంగురు గొంతావిడ మఫ్లర్ సవరించుకున్నారు. "తేలింది తేలినట్టు రాస్తే ఇస్తాం. ముందే అనుకున్నదే తేల్చుకొస్తే మాత్రం నేను చాలా ఎర్ర సిరా వాడతాను."

ఆవకాయ ఈవిడదే అని అర్థమైంది.

"ఇప్పుడు నేను అడుగుతాను" అన్నారు. "పిల్లలు ఊరుకున్న ఏడాదిలో వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకుంటారు కదా. ఏమనుకుంటారు?"

"కోయలో అనుకుంటారు."

"ఏమని?"

వాన రేకుల మీద పడుతోంది. నా గొంతు పైకీ పోలేదు, కిందికీ దిగలేదు.

"తెలియదండీ. నాకు కోయ రాదు."

పక్కనున్న ఇద్దరూ ఏదో రాసుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం ముందుకు వంగారు. "నాకూ రాదు. మరి మొదటి ఏడాది ఏం చేద్దాం?"

చేద్దాం అన్నారు. ఆ మాట నేను ఇంటికి వెళ్లేదాకా పట్టుకుని నడిచాను.

"నేర్చుకుంటాను" అన్నాను.

"ఎవరి దగ్గర?"

"అడుగుతాను."

సీటు వచ్చిందని తెలిసిన రోజు మా ఆయన యార్డు నుంచి స్వీట్లు తెచ్చాడు. సంచిలో మిర్చి ఘాటు అంటుకుని లడ్డూ తిన్న ప్రతివాళ్లూ తుమ్మారు. మా టీచరు పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించింది. ఎందుకు కొడుతున్నారో తెలియక ఒకటో తరగతి పిల్లలు మిగతావాళ్లను చూసి కొట్టారు. వాళ్లు ఇంకా మాట్లాడటం మొదలుపెట్టలేదు.

శనివారం సాయంత్రాలు మందిరంలో క్లాసులు వింటున్నాను. కరెంటు ఉన్న రోజుల్లో కూడా అక్కడే కూర్చుంటున్నాను. ఇంట్లో కుర్చీలో కూర్చుంటే వినడం తక్కువ, చెప్పడం ఎక్కువ అవుతోంది. ఆ కుర్చీని ఇచ్చేయలేదు, ఇవ్వను కూడా. అది నాది.

మొన్న బడి అయిపోయాక గూడెంలోకి వెళ్లాను. నాతో 'తొక్కకు' అన్న పిల్ల ఇప్పుడు రెండో తరగతి. వాళ్ల ఇంటి ముందు నాయనమ్మ చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. మంచం వాల్చబోయింది. అదీ వద్దని అరుగు మీదే కూర్చున్నాను.

"నాకు మీ మాట నేర్పుతావా అవ్వా?"

ఆమె నా మొహంలోకి చూసి, మనవరాలి వైపు తిరిగి కోయలో ఏదో అంది. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమంది మీ నాయనమ్మ?" అన్నాను.

"టీచర్‌కి పని లేదా అంటాంది."

"ఇదే పని అని చెప్పు."

పిల్ల చెప్పింది. ముసలమ్మ చేట పక్కన పెట్టి, ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టి, దాన్ని కోయలో ఏమంటారో అంది. నేను అన్నాను. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. పిల్ల అయితే అరుగు మీద పడి నవ్వింది. నేనేం తప్పు పలికానో వాళ్లు చెప్పలేదు. నా నోరు దానంతటదే మూసుకుంది. ఇంకోసారి అనడానికి భయం వేసింది. ఒకటో తరగతి గదిలో మొదటి రోజున కూర్చోవడం ఇలా ఉంటుందా?

పిల్ల లేచి, బట్టలు దులుపుకుని, నేను క్లాసులో నిలబడినట్టే నా ఎదురుగా నిలబడింది.

"టీచర్, మళ్ల అను."

గింజ వైపు చూసుకుని, మళ్లీ అన్నాను.